యంత్రముతోఁ జదరంగ సాధన



చదరంగ మెఱుఁగని గ్రామము మనదేశమున లేదనవచ్చును. రచ్చబండమీఁదను, ఆలయమండపమునందును, వేసవి మధ్యాహ్నములలో వీథి యరుగులమీఁదను పులిజూదమో చదరంగమో సాగుచుండుట మీరందఱు చూచినదే. నేఁటి నా ప్రసంగమునకు ఆ యాటయే ఆధారము. అయినను నేను ఆటనుగూర్చి కాక, ఆటను అభ్యసించుటనుగూర్చి చెప్పఁదలఁచితిని. ఎదుట మనుష్యుఁడు లేకుండ, కంప్యూటరని లోకులు పిలుచుచున్న గణకయంత్రమును ప్రత్యర్థిగా నుంచుకొని యాడి, ఆ సాధనబలముచేత మనుష్యులను గెలువఁబూనుట నేఁడు దేశదేశములందు వాడుకయైనది. ఈ పద్ధతి యెట్లు పుట్టినది, ఎట్లు పెరిగినది, దీనివలన శిష్యునకుఁ గలుగు లాభమేమి, నష్టమేమి యను విషయములను యథాశక్తి మనవి చేసెదను.

ప్రాణములేని ప్రత్యర్థితో సాధన చేయుట మనకుఁ గ్రొత్త కాదు. మల్లులు కుస్తీకిఁ బూర్వము స్తంభమును పట్టి సాధన చేసెడివారు. పండ్రెండవ శతాబ్దమునఁ గల్యాణి చాళుక్యరాజగు సోమేశ్వరుఁడు రచించిన మానసోల్లాసమునందు మల్లస్తంభ ప్రసక్తి కలదు. ఏకలవ్యుఁడు మంటితో ద్రోణుని ప్రతిమను జేసి, దాని యెదుట విలువిద్య నభ్యసించిన కథ మీకుఁ దెలియనిది కాదు. కాని స్తంభము తిరిగి పట్టు పట్టదు. మంటిబొమ్మ తప్పును దిద్దదు. నేఁటి యంత్రమో, ఎత్తునకు ఎత్తు వేయును. అడిగినచోఁ దప్పు ఇదియని చూపును. ఆ భేదమే మన విచారణకు మూలము.

ముందు నా సంగతి యొకటి చెప్పవలసియున్నది. నేను బడిలో ముప్పదియేండ్లు పాఠములు చెప్పి విశ్రాంతి గొన్నవాఁడను. మా యూర నాకొక మిత్రులుండెడివారు. తపాలా కచ్చేరిలోఁ బనిచేసి విరమించినవారు. ఇరువదియేండ్లు ప్రతి సాయంకాలమును మేమిరువురము మా యరుగుమీఁదఁ జదరంగ మాడితిమి. మాది నాటుపద్ధతి. మొదటి నడకలో బంటు ఒక్క గడియే కదలును. రాజునకు ఆటలో నొక్కమాఱు గుఱ్ఱపు దూఁకు కలదు. మంత్రులిద్దఱును బడిపోయి, బలములు పలుచనైనంతనే, "ఇంక నేమున్నది, సరిసమానము" అని బల్ల యెత్తివేసి భోజనమునకు లేచుట మా యలవాటు. ఆయన కాలధర్మము నొందిన పిదప బల్ల అటకెక్కినది. మఱుసటి వేసవిలో నా మనుమఁడు వచ్చి, "తాతయ్యా, ఆడువారు లేరని విచారమెందుకు? ఇది నీతో నాడును" అని తన ఫోనును నా చేతిలోఁ బెట్టెను. మొదటి పదిదినములలో నేను ఒక్క యాటయు గెలువలేదు. ఆ యోటములు నాకు నేర్పినదేమో తగిన చోటఁ జెప్పెదను. ఆ యంత్రము నా చేతిలోనికి వచ్చువఱకు నడచిన త్రోవను ముందు చూతము.

చదరంగము పుట్టినది మనదేశముననే యని చరిత్రకారులలోఁ బెక్కుమంది యభిప్రాయము. ఏడవ శతాబ్దమున హర్షుని యాస్థానమందుండిన బాణభట్టు తన హర్షచరిత్రమున అష్టాపదమను పటమును, చతురంగమును శ్లేషగాఁ బేర్కొనియున్నాఁడు. రథ గజ తురగ పదాతులను నాలుగంగముల సేనయే యా పేరునకు మూలము. ఇచ్చటినుండి పారసీకమునకును, అచ్చటినుండి అరబ్బులకును, వారివలన ఐరోపాకును ఈ యాట వ్యాపించెను. పదునైదవ శతాబ్దము చివర ఐరోపాలో మంత్రికి నేఁటి విస్తారమైన నడక కలిగి, ఆట వేగవంతమయ్యెను. యంత్రములు నేర్చినవి ఆ నడకలే.

యంత్రముచేతఁ జదరంగ మాడింపవలెనను యత్నము మోసముతో నారంభమైనది. 1769వ సంవత్సరమున హంగేరీ రాజ్యమునకుఁ జెందిన వుల్ఫ్‌గాంగ్ ఫాన్ కెంపెలెన్ అను నాతఁడు ఒక పెద్ద పెట్టెను, దాని వెనుక తలపాగా చుట్టిన తురుష్కుని బొమ్మను నిర్మించెను. 1770లో దానిని వియన్నా నగరమున మరియా థెరీసా మహారాణి యెదుటఁ బ్రదర్శించెను. పెట్టె తలుపులు తెఱచి చూపినప్పుడు లోపలఁ జక్రములు తప్ప వేఱేమియుఁ గానరాకుండెను. తలుపులు మూసినంతనే బొమ్మ చేయి యెత్తి యాడసాగెను. 1783లోఁ బారిసునందు అమెరికా రాయబారి బెంజమిన్ ఫ్రాంక్లిను దానితో నాడెను. 1809లో నెపోలియను చక్రవర్తి యాడి యోడెను. 1854లో ఫిలడెల్ఫియా నగరమున అగ్నిప్రమాదమునఁ గాలిపోవువఱకు అది యెనుబదియైదేండ్లు లోకమును వింతపఱచెను. రహస్యమేమన, పెట్టెలో నొక నిపుణుఁడు దాఁగి కొవ్వొత్తి వెలుఁగున బల్ల పెట్టుకొని యాడుచుండెను. యంత్రమని తలఁచి యాడినవారందఱు మనుష్యునితోనే యాడిరి. ఈ పెట్టెను మీరు జ్ఞాపకముంచుకొనుఁడు. నేఁటి కాలమున దీనికి విపర్యయమైన మోసమొకటి కలదు.

నిజమైన చదరంగయంత్రమును మొదట నిర్మించిన కీర్తి స్పెయిను దేశపు శిల్పి లియొనార్డో టొర్రెస్ కెవెడోగారిది. ఆయన 1912లో దానిని గట్టి, 1914లోఁ బారిసునందుఁ బ్రదర్శించెను. అది పూర్తియాట ఆడఁజాలదు. తెల్లరాజును, తెల్ల యేనుఁగును యంత్రమువి. నల్లరాజు ఒక్కఁడే మనుష్యునివాఁడు. నల్లరాజు ఎటు పరుగిడినను, అతిస్వల్పమైన ఎత్తులలోనే కాకపోయినను, యంత్రము తప్పక ఆట కట్టును. మనుష్యుఁడు నియమము తప్పి నడచినచో దీపము వెలుఁగును. మూఁడుమాఱులు తప్పినచో యంత్రము ఆట మానును. లోపల మనుష్యుఁడు లేఁడు; విద్యుత్తు, తీఁగెలు, అయస్కాంతములు మాత్రమే. చదరంగమున నెంత చిన్న భాగమైనను నియమములుగా విడఁదీసి చెప్పఁగలిగినచో యంత్రమునకు నేర్పవచ్చునని దీనివలనఁ దేలినది.

పూర్తియాటను నేర్పుటకుఁ గావలసిన యాలోచన రెండవ ప్రపంచయుద్ధము ముగిసినపిదపఁ గలిగెను. ఇంగ్లండున అలన్ ట్యూరింగుగారు 1948 ప్రాంతమునఁ దమ మిత్రులగు ఛాంపర్‌నౌన్‌గారితోఁ గలిసి యంత్రమాడవలసిన పద్ధతిని వ్రాసిరి. కాని దానిని నడుపఁగల యంత్రము నాఁటికి లేదు. అందుచేత 1952లో ట్యూరింగుగారే యంత్రమువలెఁ గాగితముమీఁద లెక్కలు వేయుచు, ఒక్కొక్క ఎత్తునకు అరగంట చొప్పున శ్రమించి, ఒక సహోద్యోగితో నాట నడపిరి. ఆ కాగితపు యంత్రము ఇరువదితొమ్మిది ఎత్తులలో నోడినది.

1950లో అమెరికాయందు క్లాడ్ షానన్‌గారు ప్రకటించిన వ్యాసము ఈ శాస్త్రమునకుఁ బునాది. ఆయన చెప్పిన మార్గము మన పల్లెవారికిని సుబోధమే. తెల్లవానికి మొదటి ఎత్తునకు ఇరువది దారులు గలవు, నల్లవానికిని ఇరువది. కావున ఇరువురును జెఱియొక ఎత్తు వేయునప్పటికే నాలుగువందల త్రోవలు కలుగును. ఇట్లు చెట్టు కొమ్మలవలె దారులు చీలుచుఁబోవును. యంత్రము కొంత లోఁతువఱకు ఆ కొమ్మలన్నిఁటిని దడవి చూచి, ప్రతికొమ్మ చివరను బలములను విలువ కట్టును. మంత్రికిఁ దొమ్మిది, ఏనుఁగునకు ఐదు, శకటునకును గుఱ్ఱమునకును మూఁడేసి, బంటునకు ఒకటి. రాజు రక్షణము మొదలగువానికి మఱికొంత. శత్రువు తన మేలైన ఎత్తునే వేయునని తలఁచి, తనకు మిక్కిలి లాభము మిగులు దారిని యంత్రమెన్నుకొనును. మనుష్యుఁడు నాలుగు దారులను మాత్రము చూచి తక్కినవానిని అనుభవముచే విడిచిపెట్టును. యంత్రమునకు ఆ యనుభవము లేదు. శ్రమకు విసుగును లేదు.

యంత్రము మనుష్యుని మొదటిమాఱు గెలిచిన వృత్తాంతము మన విషయమునకు మిక్కిలి దగ్గఱిది. 1956లో అమెరికాయందలి లాస్ ఆలమోస్ పరిశోధనాలయములో మానియాక్ అను యంత్రమునకు ఆఱుగళ్ల బల్లపై శకటులు లేని చిన్న చదరంగమును నేర్పిరి. మొదట అది తనతోఁ దానే యాడెను. పిదప మంత్రిని వదలిపెట్టి యాడిన యొక గట్టి యాటగాని చేత నోడెను. మూఁడవ యాటలో, వారము క్రిందటనే యాట నేర్చిన యొక యువతి దానితో నాడఁగా యంత్రమే గెలిచెను. అనఁగా యంత్రము చేత మొట్టమొదట నోడినది పండితుఁడు కాఁడు, వారమునాఁటి శిష్యురాలు. శిష్యులకును యంత్రములకును గల యీ సంబంధము నాఁడే మొదలయినది.

1967 నాఁటికి మాసచూసెట్సులోని సాంకేతిక విద్యాలయమున రిచర్డ్ గ్రీన్‌బ్లాట్ రచించిన మాక్ హాక్ అను క్రమణిక మనుష్యుల పోటీలలోఁ బాల్గొనెను. 1968లో స్కాట్లండు ఆటగాఁడు డేవిడ్ లెవీగారు, పదియేండ్లలో నే యంత్రమును దన్ను గెలువఁజాలదని పందెము వేసిరి. గడువు తీఱిన 1978లో టొరాంటో నగరమున నాఁటి శ్రేష్ఠయంత్రముతో నాడి పందెము గెలిచిరి. ఆయన గెలిచిన యుపాయము గమనింపఁదగినది. యంత్రము లెక్కలలో గట్టిది, దూరపుటాలోచనలో బలహీనము. కావున ఆయన కలహమునకుఁ బోక, నిదానముగాఁ గూర్చుండి, యంత్రము తనంతఁ దానే చెడుటకుఁ గనిపెట్టుకొని యుండెను. ఇందొక లోపాయము కలదు. యంత్రపు బలహీనతను గనిపెట్టి గెలుచుట వేఱు. చదరంగము నేర్చుట వేఱు. మొదటిది తెలిసినవాఁడు తనకు రెండవది తెలిసినదని భ్రమపడవచ్చును.

1977లో అమెరికాయందు ఫిడెలిటీ అను సంస్థ చెస్ ఛాలెంజర్ అను చిన్నపెట్టెను అంగళ్లలో నమ్మఁజొచ్చెను. అది మొదలు పరిశోధనాలయములలోని ప్రత్యర్థి గృహస్థుల బల్లమీఁదికి వచ్చెను. అనతికాలముననే యట్టి పెట్టెలకుఁ బెక్కు స్థాయు లేర్పడెను. శిష్యుఁడు తనకుఁ దగిన స్థాయిని ఎన్నుకొనవచ్చును. ఇది చదరంగ చరిత్రలోఁ జిన్న సంగతి కాదు. అంతకుముందు ఆట నేర్వఁగోరు బాలునకు సంఘముండవలెను, గురువుండవలెను, లేదా సమవయస్కుఁడగు నాటగాఁడైన నుండవలెను. ఏకాంతమున నున్నవానికిఁ బుస్తకమే గతి. అట్టివానికి అర్ధరాత్రమైనను విసుగుకొనక కూర్చుండు ప్రత్యర్థి దొరకెను.

తరువాతి కథ వేగముగా నడచినది. 1988లో డీప్ థాట్ అను యంత్రము డెన్మార్కు గ్రాండ్‌మాస్టరగు బెంట్ లార్సెనును ఓడించెను. దాని వంశమునఁ బుట్టిన డీప్ బ్లూ అను ఐ.బి.యం. సంస్థ యంత్రము 1996లో ఫిలడెల్ఫియాయందుఁ బ్రపంచవిజేత గ్యారీ కాస్పరోవునకు 4–2 తేడాతో నోడిపోయెను. 1997 మే నెలలో న్యూయార్కున 3½–2½ తేడాతో నాతనిని ఓడించెను. అది క్షణమునకుఁ బదునెనిమిదికోట్లకుఁ బైగా స్థితులను బరీక్షింపఁగలదు. 2006లో బాన్ నగరమున నాఁటి ప్రపంచవిజేత వ్లాదిమిర్ క్రామ్నిక్ డీప్ ఫ్రిట్జ్ అను క్రమణికకు 4–2 తేడాతో నోడెను. అందొక యాటలో నొక్క ఎత్తులోఁ గట్టునట్టి యాటకట్టును ఆయన కన్ను గానదయ్యెను. మహావిజేతయు నట్లు పొరఁబడినప్పుడు మనబోఁటులము మన తప్పులకు సిగ్గుపడ నక్కఱలేదు.

ఓడిన కాస్పరోవు యంత్రమును ద్వేషించి యూరకుండలేదు. 1998లో స్పెయినునందలి లియోన్ నగరమున నాతఁడును టొపలోవ్ అను మఱియొక యోధుఁడును జెఱియొక యంత్రమును సహాయముగా నుంచుకొని యాడిరి. అప్పటినుండి యంత్రము పగవాఁడు కాక, సాధనకుఁ దోడ్పడు సహాయుఁడయ్యెను. ఇంతలో 1992లో అంతర్జాలముమీఁదఁ జదరంగశాల వెలసెను. దూరదేశస్థులు ఇంటనుండియే పరస్పర మాడసాగిరి. 2008లో వెలువడిన స్టాక్‌ఫిష్ అను క్రమణిక ధర్మార్థముగా లోకమునకు విడువఁబడినది. 2010లో స్థాపింపఁబడిన లిచెస్ అను ఉచిత చదరంగశాలయందు ఆ స్టాక్‌ఫిష్షే యెనిమిది స్థాయులలోఁ బ్రత్యర్థిగాఁ గూర్చుండును. కాసు ఖర్చు లేదు. ప్రపంచవిజేతను గెలువఁగల గురువు కూలివాని కుమారునకును లభించుట పూర్వమెన్నఁడు లేని విశేషము.

2017 డిసెంబరులో లండనునందలి డీప్‌మైండ్ సంస్థవారు ఆల్ఫాజీరో అను యంత్రమును బ్రకటించిరి. దానికి ఆట నియమములు తప్ప మనుష్యులు కూర్చిన జ్ఞానమేమియు నీయలేదు. అది తనతోఁ దానే యాడుకొని, తన తప్పులను దానే దిద్దుకొని, కొలఁది గంటలలో స్టాక్‌ఫిష్షును మించెను. నూఱాటలలో నిరువదియెనిమిది గెలిచి, డెబ్బదిరెండు సమముచేసి, ఒక్కటియు నోడలేదు. బలములను ధారపోసి చిరకాలపు మేలును సాధించు దాని తీరును, కొసబంటును ముందుకు నెట్టు దాని సాహసమును మనుష్యులు దానివలన నేర్చుకొనిరి. శిష్యుఁడే గురువునకు గురువైనాఁడు.

చదరంగము గాక, స్టార్‌క్రాఫ్ట్ వంటి యుద్ధపుటాటలు నేఁటి యువకులు తెరమీఁద నాడుచున్నారు. అందుఁ గోటలు కట్టుట, సేనలు కూర్చుట, శత్రువును గనిపెట్టుట యన్నియు నొకేకాలమున జరుగవలెను. 2019లో డీప్‌మైండువారి ఆల్ఫాస్టార్ ఆ యాటలో నుత్తమశ్రేణిని అందుకొనెను. అది సాధన చేసిన తీరు మన గరిడీలను దలఁపించును. మొదట మనుష్యుల యాటలను జూచి యనుకరించెను. పిదపఁ దనవంటి యంత్రములతోఁ బోరాడెను. ఆ గుంపులోఁ గొన్ని ప్రత్యర్థులకుఁ దాము శ్రేష్ఠులగుట పని కాదు. ప్రధానయోధుని బలహీనతను వెదకి దానిమీఁదనే కొట్టుట వాని పని. గరిడీలో ఉస్తాదు చేయునదియు నిదియే. నీ కెడమకాలు బలహీనమైనచో నాతఁడు నీ యెడమకాలినే పట్టును.

అయినను యంత్రముతో సాధనయందొక చిక్కు చాలకాల ముండెను. మిక్కిలి బలమైన యంత్రమును శిష్యునకుఁ దగునట్లు బలహీనపఱచుట యెట్లు? సాధారణముగా దానిచే నడుమ నడుమ మూర్ఖపుటెత్తులు వేయించెడివారు. తొమ్మిది ఎత్తులు మహాపండితునివలె వేసి, పదియవ యెత్తునఁ గారణము లేక మంత్రిని బోఁగొట్టుకొనును. మనుష్యుఁ డట్లు తప్పఁడు. వాని తప్పునకు భయమో, ఆశయో, తొందరయో మూలమై యుండును. 2020లో మయియా అను క్రమణిక వెలువడెను. అంతర్జాలమున మనుష్యులాడిన కోట్లకొలఁది యాటలను జూచి, మేలైన యెత్తును గాక, ఆ స్థాయి మనుష్యుఁడు వేయు నెత్తునే వేయుటకు దానికి శిక్షణ మిచ్చిరి. గెలుచుటకుఁ గాక మనుష్యునివలెఁ దప్పుటకు యంత్రమునకు నేర్పవలసివచ్చుట యాలోచింపఁదగిన విషయము.

ఇఁక మనవారి సంగతి. గుడివాడలో 1987లో జన్మించిన కోనేరు హంపిగారు తండ్రిగారగు అశోక్‌గారి శిక్షణలోఁ బెరిగి, 2002లోఁ బదునైదవయేట గ్రాండ్‌మాస్టరయిరి; 2019లోను, 2024లోను స్త్రీల వేగచదరంగమునఁ బ్రపంచవిజేతలైరి. గుంటూరువారు పెంటేల హరికృష్ణగారు, ద్రోణవల్లి హారికగారు గ్రాండ్‌మాస్టరులే. ఓరుగల్లు బిడ్డ అర్జున్ ఎరిగైసి 2024లో 2800 రేటింగును దాఁటి, ఆనందుగారి పిదప నా మెట్టెక్కిన రెండవ భారతీయుఁడయ్యెను. చెన్నైలోఁ దెలుఁగు కుటుంబమున జన్మించిన దొమ్మరాజు గుకేష్ 2024 డిసెంబరు 12వ తేదీన సింగపూరునఁ బదునెనిమిదవయేటనే ప్రపంచవిజేత యయ్యెను. ఈ తరమువారికి యంత్రము నిత్యపరిచితము. అయినను గుకేష్‌కుఁ జిరకాలము శిక్షణ మిచ్చిన విష్ణుప్రసన్నగారు, సుమారు 2500 రేటింగు వచ్చువఱకు ఆ బాలుని యంత్రమునొద్దకుఁ బోనీయలేదని ప్రసిద్ధము. బాలుఁడు ముందు తన బుద్ధితో లెక్కవేయవలెను, తన తీర్పును దాను నమ్మవలెను. యంత్రమును ముందే చూచినచో ఆలోచన మాని జవాబునకు అలవాటుపడునని వారి యభిప్రాయము. జవాబుల పుస్తకమును దాఁచిపెట్టి లెక్కలు చేయించిన పంతుళ్లకు ఈ మాట కొత్త కాదు.

ఇప్పుడు నా యోటముల కథకు వత్తును. పదిదినములు గడచినపిదప నొకటి గమనించితిని. మంత్రులు పడువఱకు నేను యంత్రముతో సరితూఁగుచునే యుంటిని. ఓడినదెల్ల నాపైననే. మా యరుగుమీఁద ఏచోట ఆట యెత్తివేసెడివారమో, యంత్రమాచోట నాఁగలేదు. ఒకనాఁడు దైవవశమున నాకు రాజును, ఏనుఁగును మిగిలి, దానికి రాజొక్కఁడే మిగిలెను. గెలిచితినని మనుమని బిలిచితిని. ఏఁబది ఎత్తులు తఱిమినను ఆట కట్టలేకపోయితిని; నియమము ప్రకారము ఆట సమమయ్యెను. 1912లోఁ దీఁగెలును అయస్కాంతములును నేర్చిన విద్య, వేలమందికిఁ జదువు చెప్పిన నాకు రాలేదు! పదునైదు దినములు ఆ యొక్క స్థితినే పెట్టుకొని సాధన చేసితిని. యంత్రము విసుగుకొనలేదు, నవ్వలేదు. పదునాఱవనాఁడు ఆట కట్టితిని.

ఆ సంతోషమువెంటనే నాకొక సంగతి తట్టినది. సరిసమానమని ముందుగా బల్ల యెత్తినది తఱచుగా మా మిత్రులే. ఇప్పుడు జ్ఞప్తికి వచ్చుచున్న కొన్ని స్థితులలో వారికే మేలుండెను. వారికది తెలియకయా, తెలిసి నా మనసు నొవ్వకుండుటకా? అడుగుటకు వారు లేరు. యంత్రము నా లోపమును జూపినది. ఆ లోపమును ఇరువదియేండ్లు కప్పిన స్నేహమును మాత్రము దానివలననే తెలిసికొంటిని. ఓర్చుకొను ప్రత్యర్థియు, ఓడించు ప్రత్యర్థియు మనుష్యునకు ఇరువురును గావలెను.

మఱియొక దోషమును జెప్పుకొనవలెను. ఫోనులో "వెనుకకు" అను గుఱుతు కలదు. దానిని దాఁకినచో వేసిన యెత్తు చెఱిగిపోవును. నేను దానిని వాడుకొని పెద్దస్థాయి యంత్రమును గెలిచి గర్వించితిని. మనుమఁడు చూచి, "తాతయ్యా, పరీక్షలో నీవు జవాబు చూపి, మరల వ్రాయించితివా?" అనెను. నాకు నోట మాట రాలేదు. అది మొదలు ఆ గుఱుతును ముట్టలేదు.

మా వీథిలోఁ దొమ్మిదవ తరగతి చదువు బాలిక యొకతె కలదు. రావిచెట్టు క్రింద మగపిల్లలాడు చదరంగమునకు ఆమెను రానీయరైరి. రెండేండ్లు తల్లి ఫోనులో యంత్రముతోనే యాడి నేర్చుకొన్నది. పాఠశాలల పోటీకిఁ బోయి మొదటి మూఁడాటలు నోడి యేడ్చుచు వచ్చినది. ఆ యాటల నామె కాగితముమీఁద వ్రాసికొని తెచ్చెను. మేమిరువురము కూర్చుండి చూడఁగాఁ గారణము తెలిసినది. చిన్నస్థాయి యంత్రమువలెఁ బ్రత్యర్థి పదియవ యెత్తున మంత్రిని విడుచునని ఆమె కనిపెట్టుకొని యున్నది; ఎదుటి మనుష్యుఁ డట్లు విడువలేదు. అదియుఁ గాక, ఎదుట నొకరు కూర్చుండి తన్ను జూచుచుండఁగా, గడియారము నడచుచుండఁగా, ఆలోచించుట ఆమెకలవాటు లేదు. అటకమీఁది బల్లను దింపి, ప్రతిసాయంకాలము ఆమెతో నాడఁజొచ్చితిని. నేఁడు నాలుగాటలలో మూఁడు ఆమెయే గెలుచుచున్నది. మనుష్యులు మూసిన తలుపును యంత్రము తెఱచినది. తెఱచిన తలుపులోనుండి ఆమెను లోపలికిఁ గొనిపోవుట మనుష్యుని పనియైనది.

పెద్దలకు నేను విన్నవించునవి మూఁడు మాటలు. మొదటిది: పిల్లవాఁడు యంత్రముతో నాడునప్పుడు తనకంటె నొక మెట్టు మాత్రమే యెక్కువ స్థాయిని ఎన్నుకొనవలెను; వేసిన యెత్తును వెనుకకుఁ దీయరాదు. రెండవది: ఆట ముగిసినపిదప నోటమికిఁ గారణము ముందు తానే వెదకి కాగితముమీఁద వ్రాయవలెను, ఆ తరువాతనే యంత్రము నడుగవలెను. మూఁడవది: యంత్రముతోఁ బదియాటలాడినచో మనుష్యులతో మూఁడైన నాడవలెను, మనుష్యునితోఁ బందెమున నున్నప్పుడు యంత్రమును దొంగచాటున నడుగరాదు. కెంపెలెన్ పెట్టెలో మనుష్యుఁడు దాఁగి యంత్రమువలె నటించెను. నేఁడు మనుష్యుని వెనుక యంత్రము దాఁగుచున్నది. అందుచేతనే యంతర్జాతీయ చదరంగసంఘమువారు పోటీశాలలోనికి ఫోనులు తేరాదని నియమించిరి. ఆ మోసమున గెలిచినవానికి బహుమానము దక్కవచ్చును, విద్య దక్కదు.

మీ యిండ్లలో అటకమీఁదఁ జదరంగపు బల్ల యున్నచో దింపుఁడు. పిల్లల చేతిలో ఫోనున్నచో, అందు వారాడు నాటలలోఁ జదరంగమును జేర్పింపుఁడు. బాలురతోపాటు బాలికలను గూడ అరుగుమీఁదఁ గూర్చుండనిండు. యంత్రము వారికి లోపములను జూపును. ఆ లోపములను దిద్దుకొనుటకు ఓర్పును, ఓడినప్పుడు చెడని మర్యాదను నేర్పవలసినవారము మనమే.